నిద్రగనిలో గాదె

రోహిణి కార్తె, ఎనిమిదో రోజు

ఉదయం పనులు మామూలుగానే మొదలయ్యాయి. ‘అ’ అక్షరం సొరంగంలో నిద్రలో ఉన్న యాభై మూడు మందినీ ఎడమ పక్కకు తిప్పాం. మందులు చూసుకునే ఖాసింబీ అక్క భుజాలు పట్టుకుంటుంది, నేను కాళ్లు పట్టుకుంటాను. తిప్పాక మడమలకు ఆముదం రాయడం నా పని. పుండు మొదలయ్యేముందు మడమ మెత్తబడుతుంది. అది కంటికి కనిపించే లోపే వేలికి తెలుస్తుంది.

క సొరంగం పంతొమ్మిదో అరలో నా భర్త గిడ్డయ్య ఉన్నాడు. అతని మడమలు బాగానే ఉన్నాయి. అందరి దగ్గర ఎంతసేపు ఆగుతానో అతని దగ్గరా అంతే ఆగాలని నియమం పెట్టుకున్నాను. రోజూ తప్పుతున్నాను.

గ సొరంగంలోకి అడుగు పెడుతుండగా నెత్తిమీద నాపరాయి విరిగిన చప్పుడైంది. ఆ వెంటనే పొయ్యి మూత తీసినట్టు మొహానికి సెగ కొట్టింది. కంట్రోలు గది మీదున్న గాలిగొట్టం కూలింది. పైన భూమ్మీద గాలి అరవై డిగ్రీలు దాటి ఉంటుంది. ఉరుకుందప్ప అన్న పరుగెత్తుకొచ్చి ఇనుప తలుపు ఒంటిచేత్తో లాగి మూశాడు. చల్లయంత్రాలు చూసుకునేది ఆయనే. తలుపు మూసినందుకు ఆయన కుడి అరచెయ్యి మొత్తం బొబ్బలెక్కింది. సొరంగాల్లోకి సెగ రాకుండా ఆగింది గానీ, కంట్రోలు గదిలో కంప్యూటరూ స్క్రీన్లూ కరిగిన వాసన మధ్యాహ్నం దాకా పోలేదు.

ఈ వేసవికి మెలకువగా ఉన్నది మేం ముగ్గురమే. నిద్రలో ఉన్నది రెండు వందల పద్నాలుగు మంది. కృత్తిక మొదటి రోజు పడుకున్నారు, మృగశిర మొదటి రోజు లేవాలి. లేపేది మందుతోనే. ఎవరికి ఎన్ని చుక్కలన్నది వాళ్ల బరువు, నాడి, రక్తం చూసి గాదె లెక్క కట్టి చెబుతుంది. గాదె అంటే మా డేటాబేస్. అందరి వివరాలూ అందులోనే ఉన్నాయి. చుక్కలు ఎక్కువైతే గుండె ఆగుతుంది. తక్కువైతే సగం మెలకువలో నరాలు దెబ్బతింటాయి.

గాదె ఆ కంప్యూటర్లోనే ఉండేది.

"కాపీ లేదా?" అని అడిగాడు ఉరుకుందప్పన్న. ఖాసింబీ అక్క ఆయన చేతికి కట్టు కడుతోంది.

"ఉంది. నిన్న పొద్దున తీసిన కాపీ డిస్కులో నా పెట్టెలో ఉంది. గాదె సాఫ్ట్‌వేర్ డిస్కు కూడా ఉంది. ఎక్కించడానికి కంప్యూటరే లేదు."

"నీ ల్యాప్‌టాపు ఉండాది గదా?"

"దానికి స్క్రీను లేదే! ఆరేండ్ల కిందనే పాయె," అంది అక్క.

నిజమే. స్క్రీన్ పోయినప్పుడు బాగుచేయించలేదు, నాకు దానితో పని లేదు. నా ల్యాప్‌టాప్‌లో స్క్రీన్ రీడర్ ఉంది. తెరమీద ఏముందో గొంతుతో చదివి చెబుతుంది. తొమ్మిదేళ్ల వయసులో చూపు పోయినప్పటి నుంచి నేను ఆ గొంతుతోనే బతుకుతున్నాను.

"ఎక్కించేది వచ్చునా నీకు?" అంది అక్క.

"గాదెలో రాయడం వచ్చు, వెతకడం వచ్చు. ఎక్కించడం ఎప్పుడూ చేయలేదక్కా."

నిద్రమందు పద్నాలుగో రోజు సాయంత్రానికి అయిపోతుంది. ఆ రోజు పొద్దునకల్లా లేపే మందు వేసి తీరాలి. ఈ రోజు నుంచి అందరి నాడీ బరువూ బ్రెయిలీ పలక మీద పొడుచుకుంటున్నాను. రాస్తుంటే రెండు చుక్కలు తప్పు పడ్డాయి. సరిచేశాను.

తొమ్మిదో రోజు

పొద్దున పనులు అయ్యాక డిస్కు పెట్టాను. "గాదె సెటప్. కిటికీ," అంది రీడరు. సంతోషమేసింది. ట్యాబ్ నొక్కాను.

"బటన్."

మళ్లీ నొక్కాను.

"బటన్."

మూడోసారీ అదే మాట. నాలుగోసారి మళ్లీ మొదటి బటన్. ఏ బటన్ దేనికో చెప్పదు. ఆ కిటికీ తయారుచేసినవాడు మాటలను బొమ్మలుగా అతికించాడు. చూసేవాళ్లకు అవి మాటల్లాగే కనిపిస్తాయి. రీడరుకు బొమ్మ చదవడం రాదు.

రెండోది నొక్కాను. కిటికీ మూసుకుపోయింది. అది రద్దు బటన్ అన్నమాట. మళ్లీ మొదలుపెట్టి మూడోది నొక్కాను. లైసెన్సు షరతులు వచ్చాయి. అవి మాత్రం రీడరు గడగడా చదివింది, నలభై నిమిషాల పాటు. వాటి కింద ఒప్పుకుంటున్నానని టిక్ పెట్టే పెట్టె ఉండాలి. ట్యాబ్ అక్కడికి పోదు. రీడరు మౌసును ఒక్కో అడుగూ కదుపుతూ, కదిపిన ప్రతిచోటా నొక్కుతూ పోయాను. మూడు గంటలు పట్టింది. ఎక్కడ తగిలిందో తెలియదు గానీ తర్వాతి పేజీ వచ్చింది.

అక్కడ మూడు పెట్టెలు ఉన్నాయి. ఒక్కదానికీ పేరు లేదు. ఒకటి పాస్‌వర్డు, ఒకటి మళ్లీ పాస్‌వర్డు, ఒకటి పోర్టు నంబరు అయి ఉండాలి. ఏది ఏదో ఊహించి నింపాను. టంగుమని ఒక మోత, అంతకుమించి ఏమీ లేదు. వరస మార్చాను. మళ్లీ అదే మోత.

ఖాసింబీ అక్క నా వెనకే నిలబడి ఉంది. ఆమె ఊపిరి నా మెడకు తగులుతోంది.

"నాకు కనపడేటట్టుంటే ఒక్క నిమిషం పని," అంది. అనేశాక నొచ్చుకుంది. "అది గాదు సుంకమ్మా..."

"నిజమే కదక్కా. చ సొరంగం తిప్పాల్సిన వేళయింది. నువ్వూ అన్నా పోండి. నేను వస్తాను."

సాయంత్రానికి పదకొండోసారి కిటికీ చివరి పేజీ దాకా వెళ్లింది. ఫ్యాను గట్టిగా తిరిగింది, డిస్కు గిరగిరలాడింది. "పన్నెండు శాతం... నలభై శాతం... తొంభై తొమ్మిది శాతం," అంది రీడరు. నేను కుర్చీ అంచుకు వచ్చి కూర్చున్నాను. ఆ తర్వాత "సర్వీసు మొదలు కాలేదు. చేసిన మార్పులు వెనక్కి తీయబడుతున్నాయి," అంది, లైసెన్సు చదివిన ఆ గొంతుతోనే.

అన్నం తినలేదు. అక్క జొన్న సంగటి ముద్ద తెచ్చి నా చేతిలో పెట్టి, తినేదాకా కదలలేదు.

పదో రోజు

తెల్లవారుజామున పావుగంట సేపు రేడియో పనిచేస్తుంది. ఎండ ముదిరితే వినిపించదు. ఉరుకుందప్పన్న ఎడమచేత్తో మీటలు తిప్పి ఎర్రగుట్ట గనిని పట్టుకున్నాడు. అక్కడ దస్తగిరి అనే ఆయన మెలకువలో ఉన్నాడు. ఈ చుట్టుపక్కల గనులన్నిటికీ గాదె ఎక్కించింది ఆయనే.

"ఏం గాబరా పడొద్దమ్మా, శానా తేలిక," అన్నాడు. "మొదుట కిటికీలో కింద కుడిపక్క నీలం బటన్ ఉంటాది. అది నొక్కు. ఆమైన పైన మూల..."

"దస్తగిరన్నా, నాకు చూపు లేదు. ఈ మిషనుకు స్క్రీను కూడా లేదు. రీడరు చదివేది మాత్రమే నాకు తెలుస్తుంది. అది బటన్ అంటుంది, ఏ బటనో చెప్పదు."



"మరి ఎట్ల జేస్తావమ్మా?" అన్నాడు.

సమయం పోతోంది. ఏదో ఒకటి అడగాలి కాబట్టి అడిగాను. "నువ్వు ఇన్ని గనులకు ఎక్కించినావు గదా. ప్రతి చోటా కూర్చుని ఈ బటన్లన్నీ నొక్కినావా?"

"అయ్యో లేదు! ముప్పై మిషన్లకు యాడ నొక్కేది? ఒక జవాబుల ఫైలు రాసి పెట్టుకుంటి. నల్ల కిటికీ తెరిచి ఒక్క లైను కొట్టి ఇడిస్తే, అది అడిగే వాటికన్నిటికీ ఆ ఫైల్లోంచే జవాబులు తీసుకుంటాది. కిటికీలు, బటన్లు ఏమీ రావు."

"ఆ లైను చెప్పన్నా!"

"సెటప్ అని కొట్టు. ఒక ఖాళీ ఇడువు. రెండు గీతలు పెట్టు. ఆ గీతల పక్కన..."

ఇక గరగరే. ఉరుకుందప్పన్న మీటలు ఎంత తిప్పినా దస్తగిరి మళ్లీ దొరకలేదు.

రెండు గీతలు. ఆ గీతల పక్కన ఏముండాలి?

నల్ల కిటికీ అంటే కమాండ్ కిటికీ. అక్కడ అన్నీ అక్షరాలే, బొమ్మలుండవు. అక్షరమైతే రీడరు చదువుతుంది. ఏ సాఫ్ట్‌వేరుకైనా సహాయం అడిగే మాట ఒకటి ఉంటుంది కదా అని, సెటప్ పక్కన రెండు గీతలు పెట్టి హెల్ప్ అని కొట్టాను. రీడరు చదవడం మొదలుపెట్టింది. డెబ్భై ఒక్క లైన్లు చదివింది. పదిహేడో లైన్లో జవాబుల ఫైలు గురించి ఉంది. ఆ లైను మళ్లీ మళ్లీ విన్నాను. లేచి వెళ్లి అక్కను వెతికి చేయి పట్టుకున్నాను.

మధ్యాహ్నం జవాబుల ఫైలు రాశాను. ఎక్కడ ఎక్కించాలి, పాస్‌వర్డు ఏమిటి, పోర్టు ఎంత, ఇలా తొమ్మిది లైన్లు. నడిపాను.

"నాలుగో లైనులో తప్పు."

నాలుగో లైను విన్నాను. సరిగ్గానే ఉంది. చెరిపి మళ్లీ రాసి నడిపాను. నాలుగో లైనులో తప్పు. అక్షరం అక్షరం విన్నాను. అప్పుడూ సరిగ్గానే ఉంది. సాయంత్రం దాకా ఆ ఒక్క లైనే. చివరికి నా మీద నాకే అనుమానం వచ్చింది. నా చెవికి సరిగ్గా ఉన్నది అక్కడ సరిగ్గా లేదేమో!

పదకొండో రోజు

గ సొరంగంలో ఇద్దరికి నాడి మందగించింది. గాదె ఉంటే నిద్రమందు ఎంత తగ్గించాలో చెప్పేది. ఖాసింబీ అక్క తన అనుభవం మీద తగ్గించింది. "అల్లా దయ," అనుకుంటూ పోతోంది ఒక్కో అర దగ్గరా.

నేను వాళ్ల బరువులు పలకమీద పొడుస్తుండగా తట్టింది. పొద్దస్తమానం నా చెవిలో పడి విసుగు పుట్టించకుండా, గీతలూ కామాలూ చదవొద్దని రీడరుకు నేనే ఎప్పుడో చెప్పి ఉంచాను. కథలు వినడానికి అది బాగుంటుంది. ఇక్కడ గీత కూడా అక్షరమే.

పరుగెత్తాను. అరల వరస మూలకు మోకాలు కొట్టుకుంది. అన్నీ చదవమని రీడరుకు చెప్పి నాలుగో లైను విన్నాను. తెరిచిన కొటేషన్ గుర్తును నేను మూయలేదు. అంతే. ఒక్క గుర్తు. ఒక రోజు పోయింది దానికి.

మూసి, నడిపాను. ఏ చప్పుడూ లేదు. ఫ్యాను తిరిగింది. నూటికి ఇంతని చెప్పే గొంతు కూడా లేదు, ఈ పద్ధతిలో అది ఏమీ చెప్పదు. పన్నెండు నిమిషాలు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. కమాండ్ కిటికీ మళ్లీ సిద్ధమని పలికాక సర్వీసు సంగతి అడిగాను.

"గాదె సర్వీసు. నడుస్తోంది."

అక్క నన్ను పట్టుకుని ఏడ్చింది. కాపీ డిస్కు పెట్టి అందులోని వివరాలు గాదెలోకి పోశాను. "రెండు వందల పద్నాలుగు వరసలు," అంది రీడరు. మధ్యలో ఏవో హెచ్చరికలు అంది. నేను పట్టించుకోలేదు.

"చెప్పు, రాసుకుంటా," అంది అక్క, కాగితం తీసి.

మొదటి వరస అడిగాను. రీడరు ఇలా చదివింది: "పేరు: ప్రశ్నార్థకం ప్రశ్నార్థకం ప్రశ్నార్థకం ప్రశ్నార్థకం. అర: ప్రశ్నార్థకం గీత ఒకటి. బరువు: యాభై ఎనిమిది. మందు: నలభై చుక్కలు."

రెండో వరస అడిగాను. పేరంతా ప్రశ్నార్థకాలే. చివరిదాకా వెళ్లాను. ప్రతి పేరూ అంతే.

"పేర్లు పోతే పోనీ," అంది అక్క. ఆమె గొంతులో తొందర. "అంకెలు వచ్చినాయి గదా! అర నంబరు ఉండాది, చుక్కలు ఉండాయి. అర నంబరు చూసి వేస్తా."

"అక్కా, ఆగు. పంతొమ్మిదో అర వెతుకుతాను."

రీడరు నాలుగు వరసలు చదివింది. ప్రశ్నార్థకం గీత పంతొమ్మిది, నలభై చుక్కలు. ప్రశ్నార్థకం గీత పంతొమ్మిది, పన్నెండు. తర్వాత ముప్పై ఎనిమిది. తర్వాత యాభై అయిదు.

"అ పంతొమ్మిది, క పంతొమ్మిది, గ పంతొమ్మిది, చ పంతొమ్మిది. తెలుగు అక్షరాలన్నీ పోయినాయి. పన్నెండు ఎవరిదో నాకు తెలుసు, లివరు చెడింది గిడ్డయ్యకే. మిగతా మూడూ ఎవరివి? అటుది ఇటు వేస్తే?"

అక్క కాగితం మడిచిన చప్పుడు వినిపించింది.

తప్పు నాదే. అక్షరాలను ఏ పద్ధతిలో దాచాలో జవాబుల ఫైల్లో నేను చెప్పలేదు. చెప్పకపోతే అది ఇంగ్లీషు తప్ప ఏదీ దాచని పాత పద్ధతి తీసుకుంది. ఇప్పుడు గాదె మొత్తం తీసేసి మళ్లీ ఎక్కించాలి. తీసేసేముందు కాపీ డిస్కును ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించుకుందామనుకున్నాను. డిస్కు వేడెక్కి ఉంది. "చదవడం కుదరలేదు," అంది రీడరు. చల్లార్చి మళ్లీ పెట్టాను. అదే మాట. మూడోసారికి చదివింది, కాపీ ల్యాప్‌టాప్‌లోకి చేరింది. ఆ తర్వాత ఆ డిస్కు మళ్లీ పలకలేదు.

పన్నెండో రోజు

పాత గాదెను తీసేశాను. దాని ఫోల్డరు మాత్రం పోలేదు, ఖాళీగా లేదు కాబట్టి తీయనంది. నేనే తీయాలి. దాని పక్కనే ఉంది కాపీ ఫోల్డరు, మనుషులందరూ ఉన్నది. తీయమనే లైను కొట్టి, ఎంటర్ నొక్కకుండా అక్షరం అక్షరం మూడుసార్లు విన్నాను. అక్కను పిలిచి ఆమెకూ వినిపించాను. అప్పుడు నొక్కాను.

మళ్లీ ఎక్కించడం మొదలుపెట్టిన నాలుగు నిమిషాలకు ల్యాప్‌టాప్ ఆగిపోయింది. రీడరు మాట మధ్యలోనే తెగిపోయింది. చెయ్యి పెడితే కాలింది. గొట్టం కూలినప్పటి నుంచి ఆ పక్కంతా వేడిగానే ఉంది.

"నన్ను చూడనీ," అన్నాడు ఉరుకుందప్పన్న. వంటింట్లోంచి నీళ్ల బాన దొర్లించుకొచ్చాడు. ఒక్క చేత్తోనే. అడుగున తడి ఇసుక పోసి, ల్యాప్‌టాప్‌ను మైనపుగుడ్డలో చుట్టి దాంట్లో కూర్చోబెట్టాడు. వేడి పోవడానికి వెనకవైపు సందు విడిచాడు. చెవిలో పెట్టుకునే వైరు, వేరే కీబోర్డు వైరు మాత్రం బయటికి తీశాడు. అరగంటకోసారి బాన బయట తడిగుడ్డ మారుస్తూ పక్కనే కూర్చున్నాడు.

"అన్నా, నీ చెయ్యి?"

"చెయ్యి యాడికీ పోదు. నువ్వు పని చూడు."

హెల్ప్‌లో అక్షరాల పద్ధతుల పేర్లు నలభై ఉన్నాయి. ముప్పై మూడోది నాకు కావలసింది: యు, టి, ఎఫ్, గీత, ఎనిమిది. ఆ గీతతో సహా ఫైల్లో రాశాను. రాసిన ప్రతి లైనునూ గుర్తులతో సహా విన్నాను. నడిపాను. పన్నెండు నిమిషాలు. సర్వీసు నడుస్తోంది. కాపీ పోశాను. ఈసారి హెచ్చరికలేమైనా వస్తాయేమోనని చివరిదాకా విన్నాను. ఒక్కటీ రాలేదు.

మొదటి వరస అడిగాను.

"పేరు: బోయ వీరేశు. అర: అ గీత ఒకటి."

గట్టిగా అరిచానట. నాకు గుర్తులేదు. ఉరుకుందప్పన్న చెప్పాడు. చెవిలోంచి వైరు తీసి, బయట అందరికీ వినపడేలా పెట్టాను. రీడరు పేర్లు చదువుతుంటే మేం ముగ్గురం బాన చుట్టూ కూర్చుని రెండు వందల పద్నాలుగూ విన్నాం. కొన్ని పేర్లు దానికి నోరు తిరగవు. ఎవరూ నవ్వలేదు.

పదమూడో రోజు

పలకమీద పొడిచిన ఈ అయిదు రోజుల బరువులూ నాడీ గాదెలోకి ఎక్కించాను. పొద్దున మొదలుపెడితే సాయంత్రం అయిదింటికి పూర్తయింది. చుక్కలు మళ్లీ లెక్క కట్టమన్నాను. కట్టింది. రేపు పొద్దున వేయడానికి ఖాసింబీ అక్క జాబితా రాసుకుంటోంది. ఉన్నట్టుండి ఆమె కలం ఆగింది.

"సుంకమ్మా, కాపీ ఎప్పటిది?"

"ఏడో రోజు పొద్దుటిదక్కా."

"ఏడో రోజు సాయంత్రం ఒకరికి రక్తంలో తేడా వస్తే లేపే మందు సగానికి మార్చి గాదెలో ఎక్కించినా. ఆ తెల్లారే కాలిపాయె." ఆమె గొంతు తగ్గిపోయింది. "ఎవరికో నాకు గుర్తు రావడం లేదు. అప్పుడే చెప్పాల్సింది. సెగ, ఉరుకుందప్ప చెయ్యి, ఆ గాబరాలో మరిచిపోతి."

రక్తం మళ్లీ చూడడానికి యంత్రం లేదు, అది కూడా కంట్రోలు గదిలోనే పోయింది. రక్తంలో తేడా వస్తే రెండు మూడు రోజుల్లో బరువు తగ్గుతుందని అక్క చెప్పింది. ఏడో రోజు పొద్దుటికీ తొమ్మిదో రోజుకూ మధ్య బరువు బాగా తగ్గినవాళ్లెవరని గాదెను అడిగాను. నాలుగు పేర్లు ఇచ్చింది.

అ గీత ముప్పై, కంబగిరి. గ గీత నాలుగు, తిమ్మక్క. చ గీత ఇరవై రెండు, మౌలాబీ. క గీత పంతొమ్మిది, గిడ్డయ్య.



"నలుగురికీ సగమే వేద్దాం," అన్నాను. "నిండా వేస్తే ఆ ఒక్కరూ చచ్చిపోతారు. సగం వేస్తే మిగిలిన ముగ్గురూ ఆలస్యంగా లేస్తారు, అంతే కదా?"

"అంతే గాదు. నిద్రమందు లేకుండా సగం మెలకువలో రెండు మూడు దినాలు. నొప్పి ఉంటాది. నరాలకు ఏమన్నా కావచ్చు." అక్క నా పక్కకు వచ్చి కూర్చుంది. "గిడ్డయ్యకు ముందే పన్నెండు చుక్కలు. సగం అంటే ఆరు. ఆరు చుక్కలతో లేచినోళ్లను నేను చూడలే. ఆయనకు మాత్రం నిండా వేద్దాం. నాకు తెలిసి మార్చింది ఆయనకు గాదు."

నాకూ అదే నమ్మాలని ఉంది. ఎంత ఉందంటే, ఆ మాట విన్నప్పుడు నా ఒళ్లంతా వదులైంది.

"అక్కా, గుర్తుండి అంటున్నావా, నాకోసం అంటున్నావా?"

ఆమె నా మోకాలి మీద చెయ్యి వేసి, మళ్లీ తీసేసుకుంది.

"అయితే నలుగురికీ సగం," అన్నాను.

పద్నాలుగో రోజు

ఉదయం ఆరింటికి మొదలుపెట్టి పదకొండింటికి ముగించాం. నేను అర ముందు నిలబడి, పలకమీద తడిమి చదివి పేరు, చుక్కలు చెబుతాను. అక్క తిరిగి చెబుతుంది. ఆ తర్వాతే వేస్తుంది. క పంతొమ్మిది దగ్గర "ఆరు," అన్నాను. "ఆరు," అంది అక్క.

మృగశిర, మొదటి రోజు

మధ్యాహ్నానికి రెండు వందల మూడు మంది లేచారు. సాయంత్రానికి మరో ఏడుగురు. దగ్గులు, వాంతులు, నీళ్ల కోసం కేకలు. గని నిండా మనుషుల చప్పుడు. నెల రోజులుగా ఫ్యాన్ల మోత తప్ప వినని చెవులకు అది భరించడం కష్టమైంది. వీరేశు లేచీ లేవగానే, ఊడుస్తున్న ఉరుకుందప్పన్న చెయ్యి చూసి చీపురు తానే తీసుకున్నాడట.

సగం వేసిన ఆ నలుగురూ లేవలేదు.

మృగశిర, రెండో రోజు

మౌలాబీ పొద్దున లేచింది. కంబగిరి మధ్యాహ్నం లేచాడు. తిమ్మక్క సాయంత్రం కళ్లు తెరిచింది గానీ ఇంకా మాట రాలేదు.

గిడ్డయ్య మూలుగుతున్నాడు. పళ్లు కొరుకుతున్నాడు. వెన్ను విల్లులా వంగుతోంది. నేను గుడ్డ తడిపి నుదుటిమీద వేస్తూ కూర్చున్నాను. గాదెలో అతని వరస అడిగి విని, ఆరు చుక్కలని రాసింది చూసుకున్నాను. ఎందుకు చూశానో తెలియదు.

మృగశిర, నాలుగో రోజు

నిన్న అంతా అలాగే. తిమ్మక్కకు మాట వచ్చింది. ఈ రోజు పొద్దున పదింటికి నా చేతిని ఎవరో పట్టుకున్నారు. గిడ్డయ్య ఎడమచెయ్యి.

"సుంకీ," అన్నాడు. గొంతు గరగరలాడుతోంది. "ఎన్నాళ్లాయె?"

"మూడు దినాలు ఎక్కువాయె."

"అందరూ లేచినారా?"

"లేచినారు. నువ్వే ఆఖరు."

నీళ్లు తాగించాను. ఎందుకు ఆఖరైందో అతను అడగకముందే జరిగిందంతా చెప్పాను. నలుగురి పేర్లు, సగం చుక్కలు, అక్క అన్న మాట, నేనన్న మాట.

"ఖాసింబీ మార్చింది నాకేనా మరి?"

"తెలీదు. ఇంక తెలిసే దావ లేదు."

"నాకు నిండా వేసింటే మొదటి దినమే లేచేవాణ్ణేమో."

"లేచేవాడివేమో. లేకుంటే లేచేవాడివే కాదేమో."

తర్వాత నెమ్మదిగా, "కుడిచెయ్యి తెలుస్తా లేదు సుంకీ. పట్టుకున్నావా దాన్ని?" అన్నాడు.

నేను పట్టుకునే ఉన్నాను. వేలు వేలు నొక్కాను. చిటికెన వేలు నుంచి మోచేతి దాకా.

"ఇక్కడ?"

"లేదు."

"ఇక్కడ?"

"లేదు."

భుజం దగ్గర మాత్రం, "ఆ, ఆడ తెలుస్తాంది," అన్నాడు. అతను నాపరాళ్లు నునుపు చేసేవాడు. ఆ పని కుడిచేత్తోనే చేస్తారు. ఖాసింబీ అక్క వచ్చి చూసింది. నరం తిరిగి రావచ్చు, రాకపోనూవచ్చు, ఏడాది చూడాలి అంది. అక్క వెళ్లాక అతని దగ్గర తల వంచుకుని కూర్చున్నాను. క్షమించమని అడగాలో వద్దో తెలియలేదు.

"ఆ మిషన్లో నాది ఉండాదా?" అన్నాడు.

"ఉంది."

"అయితే చెయ్యి సంగతి రాయి. వచ్చే ఏడు మందు వేసేటోళ్లకు తెలియాలి."

"తర్వాత రాస్తాలే."

"ఇప్పుడే రాయి. ఉన్నది ఉన్నట్టు రాయి."

బాన దగ్గరికి పోయి కూర్చుని కీబోర్డు ఒళ్లో పెట్టుకున్నాను. అతను పడుకున్న చోటు నుంచే వింటున్నాడు. క గీత పంతొమ్మిది తెరిచాను. కుడిచెయ్యి, భుజం కింద స్పర్శ లేదు, మృగశిర నాలుగో రోజు అని కొట్టాను. గుర్తులతో సహా ఒకసారి విన్నాను. తప్పులేమీ లేవు. ఎంటర్ నొక్కాను.

"ఒక వరస మారింది," అంది రీడరు.